నవ్వుల క్లాసు

మా వీధి వాట్సాప్ గ్రూపులో చావు వార్తలు పెట్టకూడదని నియమం పెట్టిన మనిషి మొన్న శనివారం పొద్దున పోయాడు. ఆ వార్త గ్రూపులో పెట్టే పని నా నెత్తిన పడింది. అడ్మిన్లు తప్ప ఇంకెవరూ అందులో ఒక్క అక్షరం రాయడానికి వీల్లేకుండా ఆ కరోనా రోజుల్లోనే ఆయన కట్టడి చేయించాడు. ఆ కట్టడి ఫోన్లో చేసిపెట్టింది నేనే. అడ్మిన్లం ఇద్దరం ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

"గ్రూపులో పెట్టమ్మా. పదిమందికీ తెలవాల గదా," అంది పిన్ని ఫోన్లో. పిన్ని అంటే ఆయన భార్య. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ళ తరబడి ఎదురెదురు ఇళ్ళలో ఉండి కలుపుకున్న వరస.

నాలుగు ముక్కలు రాసి పెట్టి, అందరూ రాసుకునేట్టు గ్రూపు తెరిచాను. తెరిచిన నిమిషానికి వరద మొదలైంది. జోడించిన చేతులు, వెలిగే దీపాలు, కన్నీళ్ళు కారుస్తున్న పసుపుపచ్చ మొహాలు, మంచు బిందువులున్న గులాబీలు. ఒకాయన ఏ ధ్యాసలో ఉన్నాడో, చావు కబురు కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. "మమ్మల్ని నవ్వించి బతికించిన మహానుభావుడు" అని ఒకావిడ. "మా ధైర్యం మీరే సార్" అని ఇంకొకావిడ. ఆ సార్ ఎక్కణ్ణించి చదువుతాడని రాసిందో ఆమెకే తెలియాలి. ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈయన కళ్ళు మామూలు కళ్ళే. పేరు రాయను. పిన్ని బతికుంది, ఆమె నాకు చేసిన అపకారం ఏమీ లేదు. హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేశాడు కాబట్టి నరసరావుపేటలో సగం మందికి ఆయన మేస్టారే. ఆయన దగ్గర ఒక్క రోజు చదువుకోని నేను కూడా మేస్టారూ అనే పిలిచేదాన్ని.

సన్నగా, పొడుగ్గా, మొలిచిన చోటే ఎండిన కందికట్టెలా ఉండేవాడు. ఇంట్లో లుంగీ మీద కూడా తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవాడు. మెళ్ళో నల్లతాడుకి విజిలు. పెన్షను తీసుకునే వయసొచ్చినా ఆ విజిలు తీయలేదు. సందులో నడుస్తుంటే పెదాలు కదులుతుండేవి, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడన్నమాట. ఎవరైనా వంగి నడుస్తూ కనిపిస్తే వెనకనుంచి వచ్చి వెన్నులో చూపుడువేలితో పొడిచేవాడు. "వీపు! వీపు!" అనేవాడు. ఒకసారి రెండు చేతులా కూరగాయల సంచులతో వస్తున్న నన్ను కూడా పొడిచాడు. వంకాయలు మురుక్కాలవలో పడ్డాయి. "వంకాయలు పోతే పోయినయ్, వెన్నుపూస నిలబడింది గదా," అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఆయన మీద నాకు నవ్వొచ్చిన రోజులు కూడా ఉన్నాయని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "రోగం ముందు మొహానికి వచ్చుద్ది, ఆ తర్వాతే ఒంటికి. ఏడుపుగొట్టు మొహానికి అన్నీ అంటుకుంటయ్." స్కూల్లో దెబ్బతగిలి ఏడ్చే పిల్లల్ని ఆటస్థలం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించి, ఏడుపు ఆగాకే మందు రాసేవాడట. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు. వినేవాళ్ళు కూడా గొప్పగానే వినేవాళ్ళు.

రోగం వచ్చిన మొదటి ఏడు మా వీధికి రెండు వైపులా సరుగుడు కర్రలు అడ్డం కట్టేశారు. ముప్పై ఒక్క ఇళ్ళం లోపల. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కాలేజీ మూసి ఫోన్లో పాఠాలు చెప్పమన్నారు. పిల్లలందరూ కెమెరాలు ఆపుకునేవాళ్ళు. నల్ల గడులకి పువ్వు భాగాలు చెప్పి చెప్పి నాకు పిచ్చెక్కుతుండేది. పాఠం అయ్యాక చేతులు కడుక్కునేదాన్ని. మళ్ళీ కడుక్కునేదాన్ని. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉప్పు తగిలితే మండేది. ఆక్సిజన్ చూసుకునే చిన్న మిషను ఒకటి కొని, రోజుకి ముప్పై సార్లు వేలికి తగిలించుకునేదాన్ని. తొంభై ఎనిమిది వస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని, తొంభై ఏడు వస్తే ఊపిరాడేది కాదు.

అట్లాంటి రోజున మేస్టారు మా గేటు బయట నిలబడి విజిలేశాడు.

"అమ్మాయ్, నీకు ఫోన్లో పాఠాలు చెప్పటం తెలుసు గదా. మన వీధికి ఒక మీటింగు పెట్టు."

"దేనికి మేస్టారూ?"

"నవ్వటానికి."

మర్నాటినుంచే నవ్వుల క్లాసు మొదలైంది. ఐదుంముప్పావుకి గ్రూపులో ఆయన గొంతు వచ్చేది. ముందు ఒక పొడుగాటి విజిలు. తర్వాత, "లెగండి! ఫాలిన్!" ఆరింటికి నేను పంపిన లింకు నొక్కి అందరూ గడుల్లోకి వచ్చేవాళ్ళు. ఇంటి నంబర్ల వారీగా హాజరు పిలిచేవాడు. ఇంటికొకరు "ఉన్నా సార్" అనాలి. కోర్టు గుమస్తాలు, మిల్లు సూపర్‌వైజర్లు, మనవళ్ళని ఎత్తిన ముసలమ్మలు, అందరూ "ఉన్నా సార్" అన్నవాళ్ళే. తర్వాత చిన్న నవ్వు, పెద్ద నవ్వు, పొట్ట నవ్వు. ఒక్కోటి విజిలు కొట్టేదాకా ఆపకూడదు.

ఆ తర్వాత వచ్చేది అసలు దరిద్రం. పుక్కిలింత. ఉప్పు, పసుపు కలిపిన వేణ్ణీళ్ళు నోట్లో పోసుకుని, ఎట్లా పుక్కిలించాలో చూపించడానికి ఆయన నోటిని ఫోనుకి ఆనించేంత దగ్గరికి తెచ్చేవాడు. వక్క గారపట్టిన పళ్ళు, వణికే కొండనాలుక, గొంతులో గరగరలాడే పచ్చనీళ్ళు, ముప్పై ఇళ్ళ ఫోన్ల నిండా అదే. ఆ తర్వాత ఆ నీళ్ళు పళ్ళెంలో ఊసి, చిక్కగా ఉందా పల్చగా ఉందా అని మాకు చూపించేవాడు. అందరం నాలుకలు బయటపెట్టి ఆయనకి చూపించాలి. "ఏడో నంబరూ, నాలుక తెల్లగా ఉంది, రాత్రి పెరుగు తిన్నావా?" అని పట్టుకునేవాడు. ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరి ఉమ్మెయ్యాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేనూ బుద్ధిగా నాలుక చాపాను.

ఉన్నమాట చెప్పాలంటే, ఆ క్లాసు వల్ల నాకు మేలు జరిగింది. మొదటి పది రోజుల్లోనే మిషను వేలికి పెట్టుకోవడం ముప్పై నుంచి ఐదుకి వచ్చింది. పొద్దున్నే అరవై కళ్ళు కనిపించేవి. ఎవరు దువ్వుకోలేదో, ఎవరింట్లో గోడకి కొత్త సున్నం పడిందో తెలిసేది. నవ్వు దొంగ నవ్వే, కానీ నవ్వుతుంటే మధ్యలో ఎక్కడో నిజం నవ్వు వచ్చేసేది. అది ఎక్కువగా పద్నాలుగో నంబరు నుంచి వచ్చేది.

పద్నాలుగో నంబరు వెంకటేశ్వర్లు. అతనూ భార్య కోటేశ్వరమ్మా ఇడ్లీ బండి పెట్టుకుని బతికేవాళ్ళు. స్కూల్లో మేస్టారి శిష్యుడే. అతనికి మామూలుగా నవ్వడం రాదు. మొదలుపెడితే ఎక్కిళ్ళొచ్చి, కూర్చున్న పీట మీంచి పక్కకి ఒరిగేవాడు. గడిలో అతని మొహం పోయి ఇడ్లీ పాత్ర ఒక్కటే కనపడేది. వెనకనుంచి కోటేశ్వరమ్మ, "లెగువయ్యా, సట్నీ మాడతంది," అని కసిరేది. దాంతో అందరం నిజంగా నవ్వేవాళ్ళం. మేస్టారు మాత్రం, "పద్నాలుగు! వీపు!" అని అరిచేవాడు.

నియమాలు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఎవరో గ్రూపులో నకరికల్లులో తమ మేనమామ పోయాడని రాశారు. వెంటనే ఇద్దరు ఆడవాళ్ళు గొంతు మెసేజీల్లో ఏడ్చారు. మేస్టారు మా గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మాయ్ ఇది? ఏడుపు అంటురోగం. దీన్ని ఆపాల. ఎవురూ ఏమీ పెట్టకుండా చెయ్. ముందు నాకు పంపమను, మంచిదైతే మనమే పెడదాం." నేను మీటలు నొక్కి చేసిపెట్టాను. అప్పణ్ణించి గ్రూపులో కషాయాలు, దేవుడి బొమ్మలు, శుభోదయాలు తప్ప ఇంకేమీ రాలేదు. మా వీధిలో ఎవరికీ ఏమీ కానట్టే ఉండేది.

కర్రలు విప్పాక క్లాసు ఆగింది. రెండో ఏడు ఎండాకాలంలో రోగం మళ్ళీ వచ్చింది. ఈసారి వచ్చింది ఆటాడుకోవడానికి కాదు. మేస్టారు మళ్ళీ విజిలేశాడు. ముప్పై ఒక్క గడులూ మళ్ళీ నిండాయి, నాలుగు రోజులకి కొన్ని ఖాళీ అవడం మొదలైంది. ఖాళీ అయిన గడి గురించి అడగకూడదు. హాజరులో ఆ నంబరు దాటేసేవాడు. పదకొండు తర్వాత పదమూడు. మేమూ అర్థమైనట్టు ఊరుకునేవాళ్ళం.

పద్నాలుగు కూడా రెండు రోజులు దాటేశాడు. మూడో రోజుకి తెలిసింది, వెంకటేశ్వర్లుని గుంటూరు తీసుకుపోయారని, అక్కడే పోయాడని. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. కోటేశ్వరమ్మ ఒక్కతే ఆటోలో తిరిగొచ్చింది. చేతిలో పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ కవరు, అందులో అతని ఫోను, ఆధార్ కార్డు. మా డాబా మీంచి చూశాను. ఆమె గేటు తీసుకుని లోపలికి పోయింది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నా తలుపు కూడా.

మా ప్రాంతంలో చావింటికి పలకరింపుకి పోతాం. పోయి ఏం చేస్తాం? పక్కన కూర్చుని, "ఎట్టా జరిగింది?" అంటాం. అంతే. వాళ్ళు మొదట్నించీ చెబుతారు. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, చివరికి నీళ్ళడిగాడా, ఎవరిని తలుచుకున్నాడు. ఇంకొకళ్ళు వచ్చి అడిగితే మళ్ళీ మొదట్నించీ. పెద్దకర్మ నాటికి ఆ మాట వందసార్లు చెప్పి ఉంటారు. మొదటిరోజు చెప్పలేక స్పృహ తప్పినవాళ్ళు, పదకొండో రోజున అన్నం కలుపుకుంటూ చెప్పగలుగుతారు. ఇది నాకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ అట్లాగే చెప్పింది. కోటేశ్వరమ్మని ఎవరూ అడగలేదు.

ఆమె తిరిగొచ్చిన రెండో రోజు పొద్దున, ఎప్పట్లాగే గ్రూపులో లింకు పెట్టాను. వెంకటేశ్వర్లు నంబరు గ్రూపులో అట్లాగే ఉంది. తీసెయ్యాలని నాకు తోచలేదు. మేస్టారు హాజరు పిలుస్తున్నాడు. పదమూడు, ఉన్నా సార్. పదిహేను, ఉన్నా సార్.

"మేస్టారూ, పద్నాలుగు పిలవలేదు."

గడిలో కోటేశ్వరమ్మ. వెనక బోర్లించిన ఇడ్లీ పాత్ర. జుట్టు ముడివేసుకోలేదు. అతని ఫోను సరిగ్గా పట్టుకోవడం రాక, సగం మొహం, సగం పైకప్పు కనపడుతున్నాయి.

"పిలవలేదు మేస్టారూ. నేనుండా."

ఆమె మమ్మల్నందర్నీ ఒక్కొక్క గడీ వెతుక్కుంటూ చూసింది. చావింటికి వచ్చిన మనుషుల్ని చూసినట్టు చూసింది. మేము అడగలేదు కాబట్టి తనే మొదలుపెట్టింది.

"మంగళారం పొద్దున పిండి రుబ్బుతా ఒళ్ళు కాలతంది అన్నాడు. బిళ్ళేసుకుని పడుకో అన్నా. నేనే అన్నా మేస్టారూ. ఆ రోజే తీసకపోయినట్టయితే..."

గడులు ఒకటొకటిగా నల్లబడ్డాయి. తొమ్మిదో నంబరు, ఇరవయ్యో నంబరు, కోర్టు గుమస్తా, మనవణ్ణెత్తిన ముసలమ్మ. కెమెరాలు ఆపుకుంటున్నారు. అంతకన్నా అసహ్యకరమైన దృశ్యం నేను చూడలేదు అనుకున్నాను. ఇంకా ఉందని నాకు తెలియదు.

"అమ్మాయ్," అన్నాడు మేస్టారు. నన్నే. "పద్నాలుగు మ్యూట్ చెయ్."

నొక్కాను. ఆలోచించి నొక్కానా, భయపడి నొక్కానా అని ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. అట్లాంటిదేమీ లేదు. ఆయన చెప్పాడు, నేను నొక్కాను. డ్రిల్లులో "కుడి వైపు తిరుగు" అంటే తిరిగినట్టు.

మ్యూట్ చేస్తే ఆమె ఫోన్లో ఒక చిన్న ఎర్ర గీత పడుతుంది. అదేమిటో ఆమెకి తెలీదు. తన మాట అందరికీ వినపడుతోందనుకుని చెబుతూనే ఉంది. చెయ్యి గుండె మీద పెట్టుకుని చూపించింది. ఎవరినో రెండు చేతులా మోసినట్టు చూపించింది. మేస్టారు విజిలేసి "పెద్ద నవ్వు!" అన్నాడు. ఆయన నవ్వాడు. మిగిలినవాళ్ళు నల్ల గడుల్లోంచి హహహ అన్నారు. హహహ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె చెప్పడం పూర్తిచేసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరైనా ఏమన్నా అంటారేమోనని ఫోనులోకి చూస్తూ కూర్చుంది. మేస్టారు "డిస్పర్స్!" అన్నాడు.

పది నిమిషాలకి మా గేటు దగ్గర ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది, కానీ వీపు నిటారుగానే ఉంది.

"మంచిపని చేశావమ్మాయ్. లేకపోతే అందరూ ఏడ్చేవోళ్ళు. ఈ రోగానికి ఏడుపు తగిలిందంటే ఊపిరితిత్తులు మూసుకుపోతయ్. ఆ నంబరు గ్రూపులోంచి తీసెయ్."

"అట్లాగే మేస్టారూ," అన్నాను.

ఆ అట్లాగే అన్నదాన్ని తలుచుకుంటే నొక్కిందానికన్నా ఎక్కువ రోత పుడుతుంది. నొక్కింది ఒక్క క్షణం. అట్లాగే అన్నది పది నిమిషాలు ఆలోచించుకున్న తర్వాత. నంబరు తీసేశాను కూడా. క్లాసు ఆ తర్వాత ఇంకో పది పన్నెండు రోజులు నడిచి, గొంతు పోయిందని మేస్టారే ఆపేశాడు.

ఆ ఏడే కోటేశ్వరమ్మ బండి మళ్ళీ తీసింది. ఒక్కతే తోసుకుంటూ, ఏడింటికల్లా మా గేటు ముందు ఆగేది. నేను గిన్నె ఇచ్చి మా ఆయన్ని పంపేదాన్ని, తలుపు చాటున నిలబడి వినేదాన్ని. "టీచరమ్మకి కారప్పొడి," అని ప్రతిరోజూ ఒక చెంచా ఎక్కువే వేసేది. ఆమెకి ఏమీ తెలియదనుకునేదాన్ని. తెలిస్తే మేస్టారి ముఖాన ఉమ్మేస్తుందనుకునేదాన్ని. ఆయన మాత్రం సందులో అడుగులు లెక్కపెట్టుకుంటూ దర్జాగా తిరిగేవాడు. కనపడినప్పుడల్లా నాకు ఆ పసుపు నీళ్ళ పళ్ళెం గుర్తొచ్చి మొహం తిప్పుకునేదాన్ని.

మేస్టారు పోయిన మూడో రోజున పలకరింపుకి పోయాను. పోకపోతే పిన్ని బాధపడుతుంది. గేటు పక్కన అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. విజిలు నోట్లో పెట్టుకుని నవ్వుతున్న మేస్టారు, పైన "నవ్వుల మేస్టారుకి కన్నీటి వీడ్కోలు" అని. చుట్టూ అంగుళం ఖాళీ లేకుండా కట్టించినవాళ్ళ మొహాలు. ఆ మొహాల్లో సగం ఆ రోజు కెమెరా ఆపుకున్న మొహాలే.

షామియానా కింద పిన్ని చాప మీద కూర్చుని వచ్చినవాళ్ళకి చెబుతోంది. "శనారం బానే లేచాడమ్మా. బూట్లేసుకుంటా, తాడు కట్టుకోటానికి వంగినోడు వంగినట్టే..." పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతున్నది ఎవరా అని చూస్తే కోటేశ్వరమ్మ. మూడు రోజులుగా ఆ ఇంటికి వంట తనే చేసుకొస్తోందట. పొయ్యి వెలిగించని ఇంటికి పొద్దున ఇడ్లీ, మధ్యాన్నం పప్పన్నం. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఈ మనిషి కోసం ఈమె ఏడవడం నేను భరించలేకపోయాను.

ఆమె గ్లాసులు కడగడానికి పెరట్లోకి వస్తే వెనకాలే పోయాను.

"కోటేశ్వరమ్మా, ఈయన నీకు చేసింది నీకు తెలీదు."

"ఏం చేశాడమ్మా?"

"ఆ రోజు క్లాసులో నువ్వు చెప్పుకున్నావే. ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు. ఆయన నీ నోరు నొక్కేయించాడు."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నొక్కింది మీరంట గదా."

"ఎవరన్నారు?" అన్నాను.

"ఆ సాయంత్రమే వచ్చి చెప్పాడు. గేటు అవతల నిలబడి, 'నాకీ ఫోన్లు ఏం తెలుసమ్మా, టీచరమ్మ నొక్కేసింది' అన్నాడు."

"అబద్ధం! ఆయన చెబితేనే నొక్కాను."

"చెప్పే ఉంటాడు. ఆయన సంగతి నాకు తెలవదా?" అంది కోటేశ్వరమ్మ. "వేలు మాత్రం మీదే గదమ్మా."

థూ అనిపించింది. ముందు ఆయన మీద. మంచిపని చేశావని పొద్దున నాతో అని, సాయంత్రం నా పేరు చెప్పి తప్పుకున్న మనిషి. అవతల షామియానా కింద ఆయన్ని దేవుణ్ణి చేస్తున్నారు. కానీ కోటేశ్వరమ్మ చెప్పడం ఇంకా అయిపోలేదు.

"అది చెప్పేసి పోతాడనుకున్నా. పోలా. ఇటికెల మీద కూకుని, మాస్కు ఎగలాక్కుని, 'ఎట్టా జరిగిందమ్మా?' అన్నాడు. అడిగినోడు ఆయనొక్కడే. మొత్తం చెప్పా. మర్నాడు సాయంత్రం మళ్ళా వచ్చాడు. మళ్ళా అడిగాడు. పెద్దకర్మ దాకా ఒక్క రోజు మానలా. వాడు నా దగ్గర చదివినోడమ్మా అని ఏడ్చేవోడు. చానా ఏడ్చేవోడు. 'నేను ఏడ్చినట్టు ఎవురికీ చెప్పమాక' అని లేచిపొయ్యేవోడు."

అంటే పొద్దున్నే మా అందరిచేతా హహహ అనిపించి, సాయంత్రం పోయి అక్కడ ఏడ్చేవాడన్నమాట. నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఇంకా అసహ్యం వేసింది. ఆ ఏడుపేదో ఒక్కరోజు ఆరింటికి మా అందరి ముందూ ఏడ్చి ఉంటే వీధి వీధంతా తలుపులు తీసేది. మా చేత పుక్కిలింతలు పట్టించి, చెయ్యాల్సిన ఒక్క మంచిపనినీ దొంగతనంగా చేసుకున్నాడు. అయినా చేశాడు. అబద్ధమాడి అయినా ఆ గేటు దగ్గరికి పోయాడు. నిజం కడుపులో పెట్టుకుని కుమిలిపోయిన నేను, నాలుగిళ్ళ అవతల ఉన్న ఆ గేటు దగ్గరికి ఇన్నేళ్ళలో ఒక్కసారి పోలేదు. ఆయన్ని అసహ్యించుకోవడమే నా వంతు ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నా బతుకు మీద నాకు ఒళ్ళు జలదరించేంత రోత పుట్టింది.

"నువ్వు నన్నెప్పుడూ అడగలేదేం?" అన్నాను.

"ఏం అడిగేదమ్మా? బండి ఆపంగానే తలుపు చాటుకి పోతిరి. మీ పాదాలు కనపడేయి కింద."

కొళాయి కట్టేసింది. కడిగిన గ్లాసులు బోర్లిస్తోంది. షామియానా కిందకి ఇంకెవరో వచ్చినట్టున్నారు, పిన్ని మళ్ళీ మొదట్నించీ చెబుతోంది. నేను కోటేశ్వరమ్మ పక్కన తడి గచ్చు మీద గొంతుక్కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎట్టా జరిగింది కోటేశ్వరమ్మా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"అయిపోయిందమ్మా. పదకొండో రోజు దాకా మేస్టారికి చెప్పా. ఇప్పుడు మీకోసమని మళ్ళా మా ఆయన్ని చంపుకోలేను," అని చెయ్యి విడిపించుకుని, గ్లాసుల పళ్ళెం ఎత్తుకుని పిన్ని దగ్గరికి పోయింది.